లెక్కపెట్టని ఊపిరి

ఆయన్ని అందరూ డ్రిల్లు మాస్టారనే పిలిచేవారు. చేరిన నాటినుంచీ ఒకే బడి, ఒకే మైదానం. ఆయన మామూలుగా నడుస్తున్నా వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టుండేది. ఇంట్లోనూ అదే తీరు. కూతురు చిన్నప్పుడు పళ్లు తోముకుని వస్తే, ఎంతసేపు పట్టిందో చెప్పి, "నిన్నటిమీద నయం" అని భుజం తట్టేవాడు. ఆ పిల్ల పెద్దయి, పెళ్లయి, రెండు వీధుల అవతల కాపురం పెట్టి, కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తున్నా సరే, గుమ్మంలోకి రాగానే ముందు గడియారం కేసి చూసేవాడు.

ఆయన భార్యది పూర్తిగా వేరే తరహా. ఆవిడ గ్రంథాలయంలో చినిగిపోయిన పుస్తకాలు బాగుచేసేది. మెట్లెక్కి వెళ్తే వెనకవైపు చిన్న గది. కిటికీ పక్కన బల్ల, బల్లమీద జిగురు గిన్నె, మైనం పట్టించిన దారం, మూల ఒక ఇనుప ప్రెస్సు. ఊడిన కాగితాలు వరసగా కుట్టి, అట్ట అతికించి, ప్రెస్సులో బిగించి, అది ఆరేదాకా ఊరుకోవడం ఆవిడ పని.

"ఊరుకోవడం కూడా ఒక పనేనటోయ్?" అని మాస్టారు ఏడిపించేవాడు.

"అదే అసలు పని. తొందరపడి తీస్తే మొత్తం మళ్లీ నా ఒళ్లోకే వస్తుంది" అనేది ఆవిడ.

ఈ ఇద్దరికీ ఎలా కుదిరిందా అని చుట్టాలు నవ్వుకునేవాళ్లు. ఎలా కుదిరిందో గాని, కుదిరింది. ఆయన రోజంతా మాట్లాడేవాడు, ఆవిడ వినేది. సాయంత్రం ఆయన బూట్లు విప్పుతూ పరుగు పందెంలో ఎవరు ఎవర్ని దాటారో చెబుతుంటే, ఆవిడ వేళ్లకంటిన జిగురు పొట్టులా ఒలుచుకుంటూ "ఆహా" అనేది. ఆవిడ గదిలో ఆ రోజు ఏ పుస్తకం తెరుచుకుందో ఆయన అడిగేవాడు కాదు. ఆవిడ చెప్పేదీ కాదు. అందులో తప్పుందని అప్పట్లో ఇద్దరికీ తోచలేదు.

దగ్గు పొడిగా మొదలైంది. పాత పుస్తకాల దుమ్మనుకున్నారు. తర్వాత గ్రంథాలయం మెట్ల మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని నిలబడడం మొదలైంది. ఎవరైనా చూస్తే గోడమీది ప్రకటన చదువుతున్నట్టు నటించేదట. చివరికి కూతురే గద్దించి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు స్కాను చిత్రం చూపించి, ఊపిరితిత్తులు మెత్తగా ఉండాల్సింది పోయి గట్టిపడుతున్నాయని చెప్పాడు.

"అట్టలాగా అన్నమాట. బాగుంది, నాకు తెలిసిన సరుకే" అంది ఆవిడ.

డాక్టరు నవ్వలేకపోయాడు. మందులతో ఆ గట్టిపడడాన్ని కొంత నెమ్మది చేయగలమనీ, వెనక్కి మళ్లించలేమనీ అన్నాడు. ఊపిరి తీసుకునే పద్ధతి నేర్చుకుంటే ఆయాసం వచ్చినప్పుడు భయం తగ్గుతుందన్నాడు. మాస్టారికి ఆ చివరి మాట ఒక్కటే చెవిన పడింది. నేర్చుకోవడం, పద్ధతి, సాధన అనేవి ఆయనకు బాగా తెలిసిన మాటలు. ఇంటికొచ్చే దారిలో చాలా ఉత్సాహంగా మాట్లాడాడు. ఆవిడ ఆటో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఊపిరి నేర్పడానికి ఆస్పత్రినుంచి ఒక ఫిజియోథెరపిస్టు వారం వారం ఇంటికొచ్చేది. కూతురి ఈడు పిల్ల. గొంతు మెత్తన.

"ముక్కుతో నెమ్మదిగా తీసుకోండమ్మా. వేడి టీ మీద ఊదినట్టు పెదాలతో వదలండి. కాస్త అలవాటయ్యాక ఇంకేం చెయ్యకండి. ఊపిరి ఎలా వస్తోందో, ఎక్కడిదాకా పోతోందో ఊరికే గమనిస్తూ ఉండండి. చిన్నదైతే చిన్నదే కానివ్వండి. దాన్ని దిద్దొద్దు."

మాస్టారు చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. విన్నదాంట్లో మొదటి సగం ఉంచుకుని రెండో సగం వదిలేశాడు. మర్నాడు తెల్లవారగానే ఆవిడను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి స్టాప్‌వాచ్ నొక్కాడు.

"పీల్చు! ఒకటి, రెండు, మూడు... భుజాలు ఎత్తకు! వదులు! ఒకటి, రెండు, మూడు, నాలుగు... అప్పుడే అయిపోయిందేం? ఇంకా ఉంది, ఇంకా ఉంది, వదులు!"

ఆవిడ కొన్నాళ్లు ఆయన మాట ప్రకారమే చేసింది. ఒకరోజు మధ్యలో ఆగి, "ఏమండీ, మీరలా లెక్కపెడుతుంటే నాకు బస్సు వెళ్లిపోతోందేమోనని కంగారుగా ఉంటోంది" అంది.

"కంగారెందుకు? నీ మంచికేగా."

"నా మంచికేనండీ. నాకు తెలీదా? కానీ ఒక్కసారి ఆ గడియారం పక్కనబెట్టి, మీరూ నా పక్కన కూర్చోండి. ఏం చెప్పొద్దు. ఊరికే కూర్చోండి."

"పోటీలు అయిపోనీ. ఈ వారం అంతర్ పాఠశాలల పోటీలున్నాయి. అవి కాగానే తీరిగ్గా కూర్చుందాం" అన్నాడు.

ఆ పోటీలు అయ్యాయి. వాటి వెనకే ఇంకేవో వచ్చాయి.

ఆవిడ ఉద్యోగం మానేసింది. ఇంట్లోకి ఆక్సిజన్ యంత్రం వచ్చింది. మంచం పక్కన రోజంతా గురగురలాడుతూ ఉండేది. దాన్నుంచి సన్నటి గొట్టం ఆవిడ ముక్కుదాకా. మాస్టారు బడికి వెళ్లాక ఆవిడ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చునేది. మధ్యాహ్నం భోజనం వేళకు కూతురు దుకాణం నుంచి వచ్చేది. తల్లి కళ్లు మూసుకుని ఉంటే చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి పోయేది.

మాస్టారు లేని ఆ పూటల్లో ఆవిడలో ఏదో మారింది. ఆవిడ పెద్దగా భక్తురాలేం కాదు. దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే "ఉంటే పాపం చాలా పనుండి ఉంటుంది" అనేసే మనిషి. మొదట్లో ఊపిరిని గమనించమంటే ఆవిడకు భయమే కనిపించింది. వదిలిన ఊపిరికీ మళ్లీ తీసుకునే ఊపిరికీ మధ్య ఒక చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ దగ్గరికి రాగానే, మళ్లీ రాదేమోనని గుండె దడదడలాడేది. ఫిజియో పిల్లతో ఆ మాటే చెబితే, "భయం వేస్తే భయంతోనే కూర్చోండమ్మా, పారిపోవద్దు" అందట. అలాగే కూర్చుంది. రోజూ కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఆ ఖాళీలో భయం లేదు.

ఆ సాయంత్రం మాస్టారు రాగానే, ఆయన బూట్లైనా విప్పకముందే పిలిచింది. ముఖం కడిగినట్టు తేటగా ఉంది.

"ఇలా రండి. ఒకటి చెప్పాలి."

"నొప్పా?"

"కాదు. ఇవాళ ఏమైందంటే... నేను ఊపిరి తీసుకోవడం లేదండీ. ఎవరో ఇస్తున్నారు, నేను పుచ్చుకుంటున్నాను. వదిలినప్పుడు కూడా పారేస్తున్నట్టు లేదు, ఎవరి చేతికో తిరిగి ఇస్తున్నట్టుంది. ఎవరో తెలీదు. కానీ బాగా దగ్గరి మనిషి. ఇన్నాళ్లూ ఇక్కడే ఉండి పలకరించకుండా ఊరుకున్నట్టుంది."

మాస్టారు ఆవిడ ముఖంలోకి చూశాడు.  ఊపిరి అందకపోతే మెదడు తికమక పడుతుందని ఆస్పత్రిలో ఎవరో అనగా విన్నాడు. గబగబా ఆవిడ వేలికి ఆక్సిజన్ కొలిచే మీటరు తగిలించాడు. యంత్రం మరికాస్త పెంచాడు. "నాలుక బయటపెట్టు. ఇది ఏ నెల? చెప్పు, ఏ నెల?" అని అడిగాడు.

 ఆవిడ నెల పేరు చెప్పింది. వారం కూడా చెప్పింది. నవ్వింది గాని, ఆ నవ్వులో ఇందాకటి తేట లేదు.

"ఇంకెప్పుడైనా అలా అనిపిస్తే వెంటనే చెప్పు. డాక్టరుకు ఫోన్ చేద్దాం" అన్నాడు మాస్టారు.

"అలాగే" అంది. ఆ తర్వాత ఎన్నడూ చెప్పలేదు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ యంత్రం మోతకు ఎంతగా అలవాటుపడ్డారంటే, అది ఆగడమే పెద్ద చప్పుడులా వినబడింది. ఇలాంటప్పటికని ఒక ఆక్సిజన్ సిలిండరు ఉంది గాని, నింపడానికని దాన్ని ఆ పొద్దునే సిలిండర్ల దుకాణానికి పంపించారు. ఇంట్లోనే ఉన్న కూతురు చెప్పులైనా వేసుకోకుండా, దాన్ని తేవడానికి పరుగెత్తింది.

మాస్టారు ఒక్కడే మిగిలాడు. స్విచ్చులు నొక్కాడు. కిటికీలు తెరిచాడు. విసనకర్ర కోసం వెతికి, దొరక్క, వార్తాపత్రిక తీసుకుని విసిరాడు. "భయపడకు, భయపడకు" అంటున్నాడు గాని, ఆ అనే గొంతే వణుకుతోంది. ఎన్ని మైళ్లు పరుగెత్తినా అలవని మనిషి, నిలబడ్డచోటే రొప్పుతున్నాడు.

ఆవిడ మంచం అంచున, ఎదుటి బల్లమీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. అయినా చెయ్యి చాచి ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగింది. పక్కన కూర్చోబెట్టింది. ఆయన అరచేతిని తీసుకుని తన వీపుమీద పెట్టుకుంది.

"మాట్లాడకండి... నాతో రండి" అంది.

 లెక్కపెడదామన్నా ఆయనకు నోరు పెగల్లేదు. అరచేతి కింద ఆవిడ పక్కటెముకలు కొద్దిగా లేస్తున్నాయి, కొద్దిగా వాలుతున్నాయి. ఇంతేనా? ఇంత చిన్న ఊపిరితోనా ఈ మనిషి ఇన్నాళ్లుగా తనతో మాట్లాడుతోంది, నవ్వుతోంది, తన పోటీల కబుర్లు వింటోంది? ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ అంకెలు చూశాడు గాని, దీన్ని తాకి చూడలేదు.

ఆవిడ ఊపిరి వెంట ఆయన ఊపిరి నడిచింది. మొదట తడబడింది, తర్వాత కుదిరింది. ఆవిడ ఆగినచోట ఆయనా ఆగాడు. ఆ ఆగినచోట చాలా నెమ్మదిగా ఉంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. అది ఎంతో దూరాన్నుంచి వినబడింది. తన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఆవిడ వీపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఎంతసేపు అలా ఉన్నారో కూడా ఆయనకు తెలియలేదు. ఆయన జీవితంలో అలా తెలియకపోవడం బహుశా అదే మొదటిసారి.

అంతలో కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది, యంత్రం గురగురమంది. మాస్టారు ఎగిరి లేచాడు.

"కొంచెం ఆగండి" అంది ఆవిడ. ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఉండు, ముందు గొట్టం సరిచెయ్యనీ!"

చెయ్యి విడిపించుకుని గొట్టం సరిచేశాడు, మీటరు తగిలించాడు, అంకె కేసి కళ్లార్పకుండా చూశాడు. "పెరుగుతోంది! పెరుగుతోందోయ్!" అని కేకపెట్టాడు. ఆ అంకె కుదుటపడ్డాక అడిగాడు, "ఇందాక ఏదో అనబోయావు?"

"ఏం లేదు లెండి" అంది ఆవిడ, కిటికీ వైపు చూస్తూ.

ఆయన అంతటితో ఆ సంగతి వదిలేసి, సిలిండరు దుకాణం వాణ్ణి ఫోన్లో దులపడానికి వెళ్లాడు.

చలికాలం రాగానే జలుబు చేసింది. మామూలు మనిషికైతే ఒక వారం తుమ్ములు. ఆవిడకు అదే ఎక్కువైపోయింది. ఆస్పత్రిలో ముఖం నిండా మాస్కు పెట్టారు. మాట్లాడడానికి వీల్లేదు. ఏం చేసినా ఇక కష్టమేనని డాక్టరు కూతురితో చెప్పాడు. ఆ పిల్ల తండ్రితో చెప్పింది.

మాస్టారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియలేదు. తెలిసిన పనే చేశాడు.

"పీల్చు... ఒకటి, రెండు... శెభాష్... వదులు... ఒకటి, రెండు, మూడు..."

పక్క మంచాలవాళ్లు చూస్తున్నారు. కూతురు "నాన్నా" అని మెల్లగా అంది. ఆయనకు వినబడలేదు. ఆవిడ కళ్లు తెరిచింది. సూది గుచ్చిన చేతిని అతి కష్టంమీద ఎత్తి, అరచేత్తో ఆయన నోరు మూసింది.

విసుగుతో మూయలేదు. నిద్రపోతున్న పిల్లల దగ్గర గట్టిగా మాట్లాడేవాళ్ల నోరు ఎలా మూస్తామో అలా మూసింది. ఆయన ఆగిపోయాడు. ఆ చెయ్యి జారిపోకుండా రెండు చేతుల్లో పట్టుకుని, ఆ ఆదివారం చేసినట్టే ఆవిడ ఊపిరి వెంట వెళ్లడానికి ప్రయత్నించాడు. యంత్రం ఊపిరి ఏదో, ఆవిడ ఊపిరి ఏదో విడదీయలేకపోయాడు. తను వెంట వచ్చినట్టు ఆవిడకు తెలిసిందో లేదో ఆయనకు ఈనాటికీ తెలియదు. తెల్లవారి, గదిలో ఎండ పడే వేళకు ఆవిడ పోయింది.

కొన్ని వారాలకు ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చింది. వీపు వెనక పెట్టుకోవడానికి ఆస్పత్రి ఇచ్చిన దిండు ఒకటి ఉండిపోయింది. అది తీసుకెళ్లాలి. మాస్టారు దిండు తెచ్చిచ్చాడు గాని చేతిలోంచి వదల్లేదు.

"మా ఆవిడ మీతో ఏమైనా చెప్పేదా అమ్మా? అంటే... ఊపిరి గురించి?"

 "చెప్పేవారు సార్. చాలా చెప్పేవారు. ఎవరో ఇస్తున్నారు, పుచ్చుకుంటున్నాను అనేవారు. ఆ ఎవరో దేవుడో, చనిపోయిన వాళ్ల అమ్మగారో, లేక పేరు లేని ఇంకేదో తేల్చుకోలేకపోతున్నానని నవ్వేవారు. తేల్చుకోవాల్సిన అవసరం కూడా కనబడ్డం లేదనేవారు. ఒంట్లో బాగున్నన్నాళ్లూ ఇంత తోడు దొరకలేదు అన్నారొకసారి."

"నాతోనూ చెప్పింది. ఒక్కసారే."

"తెలుసు సార్."

"నేను నెల పేరు అడిగాను."

ఫిజియో పిల్ల తల ఊపింది. ఆ సంగతి కూడా ఆవిడ చెప్పే ఉంటుందని మాస్టారికి అర్థమైంది.

"కోపంగా చెప్పిందా?"

"లేదు సార్. మీరు భయపడ్డారని బాధపడ్డారు. ఆయన్ని కూడా తీసుకెళ్దామనుకుంటే బెదిరిపోయారు, మళ్లీ పిలవడానికి నాకు ధైర్యం చాల్లేదు అన్నారు. ఆ కరెంటు పోయిన రోజు తర్వాత మాత్రం చాలా సంతోషంగా కనిపించారు. ఆయన వచ్చారు, కాసేపున్నారు అన్నారు."

మాస్టారు దిండు వదిలేశాడు. ఆ పిల్ల వెళ్లిపోయాక గేటు వేయడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు. కాసేపున్నాడు. నిజమే. ఇంకాసేపు ఉండమని మణికట్టు పట్టుకుంటే విడిపించుకున్నాడు. యంత్రం దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. గొట్టం ఆవిడ ముక్కుకే ఉంది. ఒక్క నిమిషం ఆగితే ఏమయ్యేది? ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆయన ఎన్నిసార్లు వెతికాడో లెక్కలేదు. ఏమీ అయ్యేది కాదు. దొరికే జవాబు ప్రతిసారీ అదే.

అప్పటినుంచి పొద్దున్నే ఆవిడ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో కూర్చున్నంతసేపూ కాళ్లు ఆడుతూనే ఉండేవి. మనసు మైదానంలోకి పరుగెత్తేది, లేదంటే ఆస్పత్రి వరండాలోకి. తను ఆవిడ కోసం పడిన హైరానా అంతా ఒక్కొక్కటిగా గుర్తొచ్చేది. ఒక్క పూట కూడా కష్టపడకుండా కూర్చోలేదు. అందులో కొంత ప్రేమ ఉందని ఆయనకు తెలుసు. ఎక్కువ భాగం భయమని ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఆ భయాన్ని కూర్చుని దాటింది. ఆయన పరుగెత్తి దాటాలనుకున్నాడు.

బడిలో పిల్లలు మాస్టారు మారాడని చెప్పుకున్నారు. వెనకబడినవాణ్ణి అదివరకులా కేకలేయడం లేదట. పక్కనే నిలబడి, వాడి ఆయాసం తీరేదాకా ఆగుతున్నాడట.

ఒక ఆదివారం పొద్దున్న కూతురు వచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కళ్లు మూసుకుని ఉన్నాడు. అలికిడి విని కళ్లు తెరిచాడు. ఆ పిల్ల నేలమీద ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"నాన్నా, అమ్మ తెలుస్తోందా?"

అవునని చెబితే ఆ పిల్లకు ఊరటగా ఉంటుందని ఆయనకు తెలుసు. అయినా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"లేదమ్మా. చాలా రోజులు ఏమీ తెలీదు. ఎప్పుడో ఒకసారి ఊపిరి వదిలాక కాస్త నిమ్మళంగా ఉంటుంది. అక్కడ ఏదో ఉన్నట్టే ఉంటుంది. అది మీ అమ్మ చెప్పినదేనా, నా ఆశా, నాకు తేల్చి చెప్పేవాళ్లు లేరు. మీ అమ్మని అడిగి ఉంటే చెప్పేది. చెప్తానని తనే వచ్చింది కూడాను."

కూతురు ఆయన మోకాలికి తల ఆనించింది. "నాకూ నేర్పు" అంది.

"నాకేం వచ్చని నేర్పను?"

"సరే, ఊరికే కూర్చుందాం."

కూర్చున్నారు. కొంతసేపటికి ఆ పిల్ల భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా ఏడుస్తోంది. ఆయనకు లేచి మంచినీళ్లు తేవాలనిపించింది, ఏడవకు అనాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. ఆ పిల్ల వీపుమీద చెయ్యి వేసి, అది లేస్తుంటే లేవనిచ్చి, వాలుతుంటే వాలనిచ్చాడు. ఇది ఇంత తేలికైన పనా అనుకున్నాడు. ఇంత తేలికైనదాన్నే ఆవిడ అడిగింది. ఆయన దగ్గర అప్పుడు బోలెడంత సమయం ఉంది.